జపాన్ ముద్ద, నా ఇంగువ పోపు

అరకు స్టేషన్ బయటికొచ్చి ఎడమ చేతికి తిరిగితే మూడో కొట్టు మాది. తొంభైల్లో మొదలుపెట్టి పదిహేనేళ్ళపాటు అక్కడ టిఫినూ భోజనమూ నేనే నడిపాను. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం, సొరంగాల వెంట పట్టాలు చూసుకునే పని. పొయ్యి దగ్గర పెత్తనమంతా నాది. మా పుట్టిల్లు పార్వతీపురం. నాన్న మిషన్ బడిలో మాస్టారు కాబట్టి నన్ను పదో తరగతి దాకా చదివించారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను, వచ్చిన టూరిస్టుతో నాలుగు ముక్కలు మాట్లాడగలను. ఆ వీధిలో ఆమాత్రం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

గర్వం సంగతి అలా ఉంచితే, నాకు కుళ్ళు కూడా ఎక్కువ. ఎదుటి కొట్టు ముందు నాలుగు జతల చెప్పులు ఎక్కువ కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ ఒప్పుకునేదాన్ని గానీ ఈ ఒక్కటి మాత్రం దాటేసేదాన్ని. అసలది పాపం కింద లెక్కకొస్తుందని నాకు తోచేది కాదు.

ఎదుటి కొట్టు అన్నాను గానీ అది కొట్టు కాదు. లాడ్జి గేటు పక్కన, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా, మూడు రాళ్ళ పొయ్యి. ఆ పొయ్యి పెట్టిన మనిషి అంతకుముందు ఆరేళ్ళు నా దగ్గర గిన్నెలు తోమింది, పప్పు రుబ్బింది, పూరీ పిండి కలిపింది. డుంబ్రిగుడ అవతల కొండ మీద ఊరు. ఆ రోజుల్లో ఆమెను నేను ‘అది’ అనే అనేదాన్ని. ఇప్పుడు రాయబోతే చెయ్యి వెనకాడుతోంది. ఒకనాడు పొద్దున్నే చేతులు కడుక్కుంటూ, “రేపట్నించి రానమ్మా” అంది. ఎందుకే అంటే నవ్వింది. వారం తిరక్కుండా ఎదురుగా పొయ్యి వెలిగింది.

ఆమె అమ్మేది ఏముంది కనక! మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. ఆ చోడి అంబలి ఒక కుండ, సామల అన్నం ఒక కుండ, వెదురు కొమ్ముల కూర, నంజుకోవడానికి ఉప్పూ పచ్చిమిరపకాయా. వడ్డించేది అడ్డాకు దొప్పల్లో. టూరిస్టులు దీన్ని తింటారా అని నేను ముక్కు విరిచాను. తిన్నారు. పైగా కుండ పక్కన కూర్చుని ఫొటోలు తీయించుకున్నారు. స్టీలు ప్లేట్లలో నా పూరీలు చల్లారిపోతుంటే, నేను గుమ్మంలో నిలబడి ఆ ఫొటోల్లో ఎంతమంది నిలబడ్డారో చూసుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక చలికాలం. వలిసె పూలు పూసి కొండవాలులన్నీ పచ్చగా ఉన్నాయి, పదకొండు గంటల ప్యాసింజరు నిండుగా జనాన్ని దింపింది. ఆ సందడిలో ఒక జపాన్ ఆవిడ మా కొట్టులోకొచ్చింది. యాభై దగ్గరుంటాయి, వీపుకో సంచీ, మెడలో కెమెరా. నా చేతికి ఒక కార్డు ఇచ్చింది. పైన ఇంగ్లీషు, కింద వైజాగులో ఎవరిచేతో రాయించుకున్న తెలుగు. “గోధుమ, మైదా, ఉప్మా రవ్వ, బార్లీ తింటే నాకు జబ్బు చేస్తుంది. దయచేసి అవి లేని తిండి ఇవ్వండి.”

పెనం మీద పరోటాలు, మూకుట్లో పూరీలు, అవతల బెంచీ మీద కేకలు వేస్తున్న కాలేజీ గుంపు. ఇడ్లీ అప్పటికే అయిపోయింది. నేను కార్డు సగం చదివి తిరిగిచ్చేశాను. “నో, నో. ఆల్ వీట్” అన్నాను. పన్నెండున్నరకి అన్నం ఉడుకుతుందని చెప్పి కూర్చోబెట్టొచ్చు. చెప్పలేదు. చపాతీ తినని మనిషికి నాలుగు మాటలు ఖర్చుపెట్టడం దండగనిపించింది. ఆవిడ వంగి దణ్ణంలాంటిది పెట్టి రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

అలా ఆవిణ్ణి ఎదుటి పొయ్యి దగ్గరికి స్వయంగా నేనే సాగనంపాను. ఇది తల్చుకున్నప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ రెండు వారాలుందామని వచ్చిందని లాడ్జి మేనేజరు చెప్పాడు. మా రైలు మార్గం వేసిన రోజుల్లో వాళ్ళ నాన్న కొలతల పని మీద ఈ కొండల్లో తిరిగాడట. ఇక్కడి ఇనుప రాయి వాళ్ళ దేశానికి పోవడానికే ఈ లైను వేశారని మా వీధిలో అందరికీ తెలుసు. సొరంగాల్లో పనిచేసే రోజుల్లో కొండవాళ్ళు ముదురు రంగు గంజి ఏదో పోసేవాళ్ళని ఆ నాన్న చచ్చిపోయేదాకా చెబుతుండేవాడట. మొదటి రోజు చోడి అంబలి దొప్ప నోటి దగ్గర పెట్టుకుని ఆవిడ ఏడ్చేసిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పూరీ తిని ఇంతవరకూ ఒక్కరూ ఏడవలేదు.

ఆవిడ మూడు పూటలూ అక్కడే. చోళ్ళలో, సామల్లో గోధుమ గుణం ఉండదట. ఊరు ఊరంతా హోటళ్ళున్నా ఆ మనిషి భయం లేకుండా తినగలిగింది ఆ మూడు రాళ్ళ దగ్గరే. రెండో రోజు నుంచి ఇద్దరూ కలిసి వండడం మొదలుపెట్టారు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. జపాన్ ఆవిడ చేతులు తడిచేసుకుని, ఉప్పు రాసుకుని, మెత్తగా ఉడికిన సామన్నాన్ని మూడు మూలల ముద్దగా నొక్కింది. మధ్యలో ఇంత చింతపండు గుజ్జు పెట్టి, కింద అడ్డాకు చుట్టింది. వాళ్ళ దేశంలో సముద్రపు నాచు చుడతారట. మా పాత పనిమనిషి ఒక్కసారి చూసి అచ్చం అలాగే చేసింది. మూడో రోజుకి కాలేజీ పిల్లలు “జపాన్ ముద్ద కావాలి” అని రోడ్డు దాటుతున్నారు.

నా గుమ్మం ముందు నుంచి, నన్ను దాటుకుని!

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను, “నా కాడ పిండి కలిపిన గుంటపిల్ల అది. ఇప్పుడు దానికాడ జపానోళ్ళు వంట నేర్చుకుంతన్నారు.”

“నేర్పుతున్నారే, నేర్చుకోటం కాదు” అన్నాడాయన పేపరు తిప్పుతూ. ఆ మాటకి ఇంకా మండింది.

మర్నాడు ఆయన వైజాగ్ వెళ్తుంటే సోయా సాస్ సీసా తెమ్మన్నాను. నూడుల్స్ బండ్ల మీద చూశాను, చైనావాళ్ళు వాడతారు. చైనాకీ జపాన్‌కీ ఎంత దూరంలే అనుకున్నాను. ఆ సీసా వచ్చీ రాగానే అట్టముక్క మీద సుద్దతో ‘జపాన్ భోజనం దొరుకును’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి గుమ్మానికి కట్టాను. అరకులో జపాన్ భోజనం బోర్డు కట్టిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. జపాన్ భోజనం ఎలా ఉంటుందో తెలియకుండా కట్టినదాన్నీ నేనే.

కానీ ఒక్క మాట నా తరఫున చెప్పుకోవాలి. ఆ రోజు నేను నిజంగా కష్టపడ్డాను. పూరీలు మానేశాను. పరోటా బల్ల కడిగి బయట ఎండలో నిలబెట్టాను. మూకుళ్ళు చింతపండూ బూడిదా వేసి తోమాను. నూనె కొత్తది పోశాను. గోధుమపిండి డబ్బాలు, మైదా సంచీ ఇంట్లోకి మార్చేశాను. పూరీ కోసం వచ్చినవాళ్ళని తిప్పి పంపేశాను. అన్నం, పప్పుచారు, బంగాళాదుంపల వేపుడు, గెడ్డవాగులో పట్టిన చేపల పులుసు. ఇంత చేసి రోడ్డు దాటి వెళ్ళి, ఆ పొయ్యి ముందు చాప మీద కూర్చునున్న ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లేపాను.

మా పాత పనిమనిషి చేతిలో గరిటె అలాగే ఉంది. “ఎల్లమ్మా, ఎల్లు. ఆయమ్మ సేతి పప్పుసారు బాగుంతాది” అని ఆవిడతో తెలుగులోనే అంది. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను.

ఆవిడ మా బెంచీ మీద కూర్చుని ముందు సోయా సాస్ సీసా అందుకుంది. కళ్ళజోడు పైకెత్తి, సీసాని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, వెనకున్న సన్నటి అక్షరాలు చదివింది. తర్వాత మెల్లిగా పక్కకి పెట్టేసి ఇంగ్లీషులో చెప్పింది. ఇందులో గోధుమ ఉంటుంది. మా దేశంలో చేసేదాన్లోనూ ఉంటుంది. ఈ జబ్బని తేలినప్పటి నుంచి మా ఊళ్ళో నాకు బయట తిండి దొరకదు, అమ్మ వండిన కూరలు కూడా మానేశాను అంది. నవ్వుతూనే చెప్పింది. నాకు జాలి కలగాల్సింది. కానీ నా సీసాని కాదన్నదని కోపం వచ్చింది.

“మిగతావి?” అని కంచం వైపు చూపించింది.

“గోధుమ ఒక్క గింజ లేదు. నా పిల్లల మీద ప్రామిస్” అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆవిడ పప్పుచారు రెండోసారి పోయించుకుంది. ఆ పోపు నా చేతి ప్రత్యేకం. ఇంగువ రెండు చిటికెలు కాదు, నాలుగు వేస్తాను. ఆ వాసన స్టేషన్ దాకా కొడుతుందని జనం అనేవారు. ఆవిడ కళ్ళు మూసుకుని వాసన పీల్చి, ఇదేమిటని అడిగింది. “సీక్రెట్” అన్నాను. రోడ్డుకి అవతల ఆమె చూస్తోందా లేదా అని ఓరకంట చూసుకున్నాను.

ఆ సాయంత్రమే ఆవిడ పడిపోయింది. కడుపునొప్పి, వాంతులు, లేచి నిలబడలేని నీరసం. డాక్టరొచ్చి సూదిమందు వేసి ఏం తిన్నారని అడిగితే, ఆవిడకి మాట్లాడే ఓపిక లేదు. మేనేజరే చెప్పాడట, “నాలుగు రోజుల్నించి ఆ గేటుకాడ కొండోళ్ళ గంజేనండీ.” మా కొట్టులో తిన్న సంగతి ఆయనకి తెలుసు. నాతో కూడా అన్నాడు, “మీ దగ్గర తింటే ఏటౌద్దమ్మా, శుభ్రమైన చోటు.” పొద్దున్నకల్లా ఆ మూడు రాళ్ళూ గేటు పక్క నుంచి దొర్లించేశారు. ఇకమీద ఇక్కడ కూర్చోవద్దన్నారు. ఆమె కుండల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, గుడ్డని చుట్టకుదురుగా చుట్టి, నెత్తిన ఎత్తుకుని వెళ్ళిపోయింది. నా గుమ్మం వైపు చూడలేదు.

నేను సంతోషించాను. దాచడం దేనికి, చాలా సంతోషించాను. ఆ పూట మా బెంచీలన్నీ నిండాయి. నా పిల్లల మీద ఒట్టేసి మరీ పెట్టాను, నా వంటలో తప్పుండదు, ఆ కుండల్లోనే ఏదో పురుగు పడి ఉంటుంది అని నిజంగానే నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం పప్పుచారుకి పోపు పెడుతూ, మా ఆయన్ని నవ్వించడానికి ఆ జపాన్ ఆవిణ్ణి వెక్కిరించాను. ఆవిడలాగే కళ్ళజోడు పైకెత్తుతున్నట్టు నటించి, చేతిలో ఉన్న ఇంగువ డబ్బాని ముక్కుకి ఆనించుకుని, “సూడండి, ఇలా సదువుతాది” అంటూ దాని మీది సన్నటి అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టాను. గోధుమ పిండి, జిగురు, ఇంగువ. మొదటి మాటే గోధుమ పిండి. నూనెలో ఆవాలు మాడిపోయి పొగొచ్చింది. మా ఆయన లేచి మూకుడు దించాడు.

పెళ్ళైనప్పటి నుంచి ఆ డబ్బానే కొంటున్నాను. ఇంగువ నా దృష్టిలో తిండే కాదు. ఉప్పు లాంటిది, వాసన లాంటిది. గోధుమపిండి డబ్బాలన్నీ ఇంట్లోకి మోయించి, ఈ చిన్న డబ్బాని మాత్రం పొయ్యి గట్టు మీదే ఉంచుకుని, నాలుగు చిటికెలు వేసి, రెండోసారి పోసి మరీ తినిపించాను.

“ఎళ్ళి సెప్పేసి రా” అన్నాడు మా ఆయన.

వెళ్ళలేదు. ఆ రోజూ వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. చెబితే బోర్డు కట్టిన కొట్టులో తిని మనిషి పడిపోయిందని ఊరంతా తెలుస్తుంది. అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. చెబితే ఆమె తిరిగొస్తుంది. ఆ మూడు రాళ్ళూ మళ్ళీ నా కళ్ళెదుటికొస్తాయి. భయం కంటే ఆ కుళ్ళే నా కాళ్ళు కట్టేసింది. కానీ అన్నం మాత్రం సయించలేదు, ఎదురుగా ఏ చెప్పులూ లేకపోయినా.

ఆ తర్వాతి రోజు డుంబ్రిగుడలో సంత. చింతపండు కొనాలన్న మిష మీద జీపెక్కాను. సంత చివర, చీపుర్లమ్మేవాళ్ళ పక్కన కూర్చునుంది. అంబలి కుండ ముందు ఒక్కరూ లేరు. అక్కడ ఇంటింటా అదే వండుకుంటారు, కొనేదెవరు? నన్ను చూసి జరిగి, చాప మీద చోటిచ్చింది. నేను కూర్చోకుండానే సంచీలోంచి డబ్బా తీశాను.

“ఆవిడకి నీ గంజి వల్ల కాదే. నా ఇంగువలో గోధుమ పిండుంది. నేనే సూసుకోలేదు.”

“ఎరికేనమ్మా” అంది ఆమె. “రోజూ లాడ్జి పెరటేపునించెల్లి ఆవిడకి గంజి పోసొత్తన్నాను కదా. కడుపు సూపించి, నీ వోటలు వేపు ఏలెట్టి సూపించింది.”

“మరి ఆ మేనేజరుకి సెప్పలేదేటే? నీ పొయ్యి తీసిపారేసినప్పుడు నోట్లో ఏటెట్టుకున్నావు?”

“ఏటి సెప్పమంటావు?” దొప్పలో అంబలి పోసి నా చేతికిచ్చింది. ఆమె తెలుగులో ‘మీరు’ ఎప్పుడూ ఉండేది కాదు, అందరూ నువ్వే. “నీ కూడు తిని మనిషి పడిపోనాదంటే నీ వోటలు మూతే. ఆవిడినీ సెప్పొద్దని సైగ సేసినాను. నీకు గోడలున్నాయి, బెంచీలున్నాయి, ఎక్కడికెత్తుకెల్తావు? నాకేటి, కుండ నెత్తినెట్టుకుంటే ఏ సంతైనా ఒకటే. తాగు, ఎండనబడొచ్చినావు.”

తాగాను. బాగుంది. అన్నేళ్ళలో ఆమె వండింది నేను నోట పెట్టుకోవడం అదే మొదలు. సిగ్గు ముంచుకొచ్చింది, నిజమే. కానీ సిగ్గు వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది. నా దగ్గర లేనిది ఆమె దగ్గర ఇంకొకటి బయటపడింది. ఆ మంచితనం మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది.

తిరిగొచ్చి సరాసరి లాడ్జికెళ్ళాను. నలుగురు టూరిస్టులున్నారు, అయినా డబ్బా బల్ల మీద పెట్టి చెప్పేశాను. మేనేజరు గొంతు తగ్గించి, “ఇప్పుడెందుకమ్మా ఇదంతా, అయిపోయిన ఇసయం” అన్నాడు. నేను గొంతు తగ్గించలేదు. రేపటికల్లా రాళ్ళు ఎక్కడివక్కడ ఉండాలన్నాను, లేకపోతే ఈ మాటే బోర్డు మీద రాసి కడతానన్నాను. సుద్దముక్క నా దగ్గరుందని ఆయనకి తెలుసు.

పైన గదిలో జపాన్ ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చునుంది. డబ్బా చేతికిచ్చాను. కళ్ళజోడు పైకెత్తి చదివింది. “ఓ, సీక్రెట్” అంది. నేను ఏడ్చాను. ఆవిడ సంచీలోంచి ఆ కార్డూ పెన్నూ తీసి నాకిచ్చింది. గోధుమ, మైదా, ఉప్మా రవ్వ, బార్లీ పక్కన నేను ‘ఇంగువ’ అని రాశాను. మిగతా అక్షరాల కంటే కాస్త పెద్దగానే రాశాను.

ఆవిడ వెళ్ళిన రోజు ప్యాసింజరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆమె గేటు పక్కన మళ్ళీ వెలిగిన పొయ్యి మీద వండి, అడ్డాకులో కట్టిన జపాన్ ముద్దలు తెచ్చింది. నేను అరిటాకులో అన్నం, ఉప్పేసి ఉడకబెట్టిన దుంపలు కట్టాను. పోపు లేకుండా నేను వండిన మొదటి వంట అది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని రెండు పొట్లాలూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుంది. రైలు ఇంకా కదలలేదు. ఆకలిగా ఉందేమో, ఒక చెయ్యి దారం మీదికి వెళ్ళింది. నేను ప్లాట్‌ఫారం మీద నుంచి మెడ సాచి చూస్తున్నాను. ఏ దారం విప్పుతుందా అని.

ఇంజను కూత వేసింది. ఆవిడ దారం వదిలేసి చెయ్యి ఊపింది. రైలు సొరంగం వైపు వెళ్ళిపోయింది, ఏ పొట్లం ముందు విప్పిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. నా పక్కన నిలబడ్డ ఆమెని అడిగాను, “నీది ఇప్పిందా, నాదా? సూసినావా?”

“ఏ పొట్లమమ్మా?” అంది, ఇంకా చెయ్యి ఊపుతూనే.